గొంగడి అంచుకు పూల రంగు: పది నెలల అద్దకం డైరీ

2024 జనవరి 21

నల్ల గొంగడికి రెండు అంచుల వెంట పూల రంగు అద్దిన చారలు నేయించాలన్నది ఈ ఏడాదికి పెట్టుకున్న పని. వికారాబాద్ చుట్టుపక్కల చెలకల గట్ల మీద, బాటల పక్కన ఎవరూ నాటకుండా పెరిగే చెట్ల పూలు మాత్రమే వాడాలని, బజారు రంగుపొడి చిటికెడు కూడా కలపకూడదని నియమం పెట్టుకున్నాను. రిజర్వు అడవి హద్దు లోపలికి వెళ్లి పూలు కోయకపోవడం కూడా ఆ నియమంలో భాగమే.

పూలకంటే ముందు తెల్ల ఉన్ని సంపాదించవలసి వచ్చింది. దక్కనీ గొర్రెల ఉన్ని ఎక్కువగా నలుపు, కొంత గోధుమ, కొంత బూడిద రంగు. తెలుపు మందలో ఎక్కడో ఒకటి కనిపిస్తుంది. గొంగడి చారిత్రకంగా నల్లగా ఉండడానికి కారణం కూడా అదే, అంటే గొర్రె రంగే గొంగడి రంగు. నలుపు మీద ఏ పువ్వు రంగూ కనిపించదు గనుక, మూడు ఊళ్లు తిరిగి, బొచ్చు కత్తిరించే సమయానికి మందల దగ్గరికి వెళ్లి, తెల్లదీ బూడిదదీ ఏరించి రెండు కిలోలు కొన్నాను. ఒక గొర్రె నుంచి ఒక విడతకు అర కిలో కూడా రాదు కాబట్టి, ఆ రెండు కిలోల వెనక చాలా గొర్రెలే ఉన్నాయి.

గొంగడి నేసే తాతను కూడా ఈ రోజే కలిశాను. గుంట మగ్గం మీద ఇప్పటికీ కూర్చునే కొద్దిమందిలో ఆయన ఒకరు. నేను చెప్పిందంతా విని రెండే షరతులు పెట్టాడు: "బిడ్డా, గొంగడి వానల తడుస్తది, మందల పండుతది. నీ రంగు కారొద్దు, నా గంజికి పోవద్దు. గంతే." రెండు అంచులకు కలిపి 400 గ్రాముల నూలు చాలునని, ఏ రంగు కావాలంటే "పచ్చ మంచిగుంటది" అని చెప్పాడు. ఇంటికి వచ్చాక గాని నాకు అనుమానం రాలేదు. మా అమ్మ పసుపును కూడా పచ్చ అనే అంటుంది, ఆకును కూడా పచ్చ అనే అంటుంది. తాత అడిగింది ఏ పచ్చో మళ్లీ వెళ్లినప్పుడు కనుక్కోవాలి.

ఫిబ్రవరి 11

ఉన్నిని తాత వాళ్ల వాడకట్టులోనే ఒక అవ్వ కదురుతో వడికి ఇచ్చింది. ముళ్లు, పేడ, మరీ పొట్టి బొచ్చు ఏరి పారేశాక రెండు కిలోల నుంచి నాకు దక్కింది 1,100 గ్రాముల నూలు: వంద గ్రాముల చిలపలు (నూలు చుట్టలు) ఎనిమిది తెల్లవి, మూడు బూడిదవి.

జిడ్డు వదిలించడానికి కుంకుడుకాయలు వాడాను. గొర్రె ఉన్నికి సహజంగా ఉండే మైనం వంటి జిడ్డు పోకపోతే పటిక గాని రంగు గాని పోగులోపలికి దిగవు. అలాగని చాకలిసోడా వేస్తే, ఉన్ని మాంసకృత్తుతో అయిన పోగు గనుక, ఘాటైన క్షారానికి చివికి పోతుంది. కుంకుడు రసానికి ఆ భయం లేదు. చెయ్యి పట్టగలిగేటంత వేడి నీళ్లలో అరగంట చొప్పున మూడు సార్లు, పిసక్కుండా, కేవలం ముంచి ఉంచాను. మొదటి నీళ్లు చెరువు బురదలాగా, మూడో నీళ్లు పలుచటి టీలాగా వచ్చాయి.

ఆరిన తరువాత వెలుగులో పెట్టి చూస్తే ఈ నూలు అంగట్లో దొరికే మెరినో నూలులా నునుపుగా, ఒకే తీరుగా లేదు. మెత్తటి పోగుల మధ్య మొరటుగా, తెల్లగా, పెళుసుగా ఉండే వెంట్రుకలు కనిపిస్తున్నాయి. అవి లోపల గుల్లగా ఉండడం వల్ల రంగును సరిగా పట్టవు. అందువల్ల ఈ నూలు ఎప్పటికీ ఒకే రంగులో తేలదని, చిలప అంతటా లేత వెంట్రుకలు మెరుస్తూనే ఉంటాయని ముందుగానే రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 18

ఈ రోజు పటిక పట్టించాను. నూలు బరువులో 12 శాతం పటిక, 6 శాతం క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పుల్లటి పొడి లెక్కన 1,100 గ్రాములకు 132 గ్రాముల పటిక, 66 గ్రాముల టార్టార్. గిన్నెలో పట్టనందువల్ల 600, 500 గ్రాములుగా రెండు దఫాలు చేశాను. పొడులను వేడి నీళ్లలో పూర్తిగా కరిగించి, చల్లటి నీళ్లున్న గిన్నెలో కలిపి, తడిపిన చిలపలు వేసి, గంటసేపట్లో మెల్లగా 85 డిగ్రీలకు తీసుకువెళ్లి, మరో గంట అక్కడే నిలిపి, మంట తీసేసి తెల్లవారేదాకా గిన్నెలోనే వదిలేశాను.

పటిక ఎందుకో ఇక్కడ రాసుకోవడం అవసరం. పూలలోని పసుపు పదార్థాలు నీటిలో కరిగేవి. ఊరికే ఉడకబెడితే నూలుకు అంటుకున్నట్టే కనిపించి ఉతుకులో పోతాయి. పటికలోని అల్యూమినియం ఒక పక్క ఉన్ని పోగును, మరో పక్క రంగు పదార్థాన్ని పట్టుకొని మధ్యలో ముడిలా నిలుస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు నూలు బట్టను ముందుగా కరక్కాయ, గేదె పాలలో ముంచి తీస్తారు, ఎందుకంటే పత్తి పోగు పటికను నేరుగా బాగా పట్టదు; ఉన్నికి ఆ తతంగం అక్కర లేదు. టార్టార్ పటికను నెమ్మదిగా, సమంగా ఎక్కేలా చేస్తుంది, ఉన్ని గరుకెక్కకుండా కాపాడుతుంది. దాని బదులు చింతపండు పులుసు వాడదామని ఒక చిన్న ముక్క మీద ప్రయత్నించాను గాని, చింతపండు తన గోధుమ రంగును కూడా వెంట తెచ్చింది.

గిన్నె విషయం: స్టీలు గిన్నె ఒక్కటే వాడుతున్నాను. మనం సిల్వరు గిన్నె అనే అల్యూమినియం పాత్రా, ఇనుప మూకుడూ, రాగి బిందె అన్నీ రంగును తమ వైపు తిప్పుకుంటాయి. ఈ గిన్నె ఇక వంటింట్లోకి రాదని ఇంట్లో అందరికీ చెప్పాను. మైలుతుత్తంతో (కాపర్ సల్ఫేట్) మంచి ఆకుపచ్చలు వస్తాయని తెలిసినా, అది విషం గనుక, ఆ నీళ్లు పారబోసే చోటు కూడా నాకు లేదు గనుక దాని జోలికి వెళ్లడం లేదు.

ఫిబ్రవరి 25

మోదుగలు విరగబూశాయి. ఆకు ఒక్కటి లేకుండా కొమ్మంతా నిప్పు అంటుకున్నట్టు ఉండే ఈ చెట్టును చూసే ఈ పని మొత్తం మొదలుపెట్టానని ఒప్పుకోవాలి. తెల్లవారి ఆరు గంటలకు వెళ్తే రాత్రి రాలిన పూలు చెట్టు కింద ఇంకా మెత్తబడకుండా ఉంటాయి. కొమ్మ మీదివి పిట్టలకు, తేనెటీగలకు వదిలేశాను. రెండు గంటల్లో నాలుగు గట్లు తిరిగితే సంచి నిండింది.

ఇంటికి తెచ్చాక ప్రతి పువ్వు అడుగున ఉన్న నల్లటి ముఖమలు వంటి తొడిమగిన్నెను తీసేయాలి. అందులోని వగరు పదార్థం రంగును మసకబారుస్తుంది. ఈ ఒలవడం నేను అనుకున్నదానికి మూడింతల పని. సాయంత్రానికి తూచితే రెండు కిలోల రేకులు వచ్చాయి, వేళ్ల కొసలు రెండు రోజుల దాకా పసుపుగానే ఉన్నాయి.

మార్చి 3

మూడు తెల్ల చిలపలు, ఒక బూడిద చిలప, అంటే 400 గ్రాముల నూలుకు ఆ రెండు కిలోల రేకులు. రేకులను బోరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున 75 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, పల్చటి బట్టలో వడగట్టాను. గిన్నెలో నీళ్లు కుంకుమపువ్వు వేసిన పాలకంటే చిక్కటి నారింజ రంగులో ఉన్నాయి. తడి చిలపలు వేసి, 80 డిగ్రీల దగ్గర గంట, తరువాత రాత్రంతా చల్లారడానికి వదిలేశాను.

వచ్చింది నారింజ కాదు. బాగా పండిన బంగినపల్లి తొక్క రంగు, కొంచెం మసకగా. పువ్వు రంగు చూసి నూలు రంగు ఊహించకూడదని ఎన్నోసార్లు విన్న విషయమే అయినా, గిన్నె మూత తీసినప్పుడు ఒక్క క్షణం మనసు చిన్నబోయింది. రేకులో కళ్లకు కనిపించే నారింజ ఒక సంగతి, పటికతో ముడిపడగల పదార్థం మరొక సంగతి. మోదుగలో ఉడుకుతో బ్యుటీన్ అనే పసుపు పదార్థంగా మారేవి ఉంటాయి, నూలును పట్టుకునేది అదే.

అసలు ఆశ్చర్యం బూడిద చిలప. దాని మీద అదే పసుపు పడి, ఎండిన నాచు రంగులోకి, పసుపుకూ ఆకుపచ్చకూ మధ్యకు తిరిగింది. తెల్ల ఉన్ని కోసం మూడు ఊళ్లు తిరిగినవాణ్ణి, చులకనగా తెచ్చిన బూడిద చిలపను రెండో రోజు కూడా చేతిలో పట్టుకొని కూర్చున్నాను.

మార్చి 10

తెల్ల మోదుగ చిలపల్లో ఒకదాన్ని సున్నపు తేటలో ముంచాను. హోళీకి మా ఊళ్లో పిల్లలు మోదుగ పూలు ఉడికించి చిటికెడు సున్నం వేస్తే నీళ్లు ఎర్రబడడం చిన్నప్పుడు చూసిందే. ఒక బకెట్ గోరువెచ్చటి నీళ్లలో సున్నపు తేట కొంచెం కొంచెంగా పోస్తూ, పులుపు, క్షారం కొలిచే పీహెచ్ కాగితం 8 దాటగానే ఆపి, చిలపను రెండు నిమిషాలు ముంచి తీశాను. కళ్ల ముందే పసుపు కరిగి కాషాయం పైకి వచ్చింది. ఇంతకంటే క్షారం పెంచితే ఉన్ని పోగు గరుకెక్కి జిగురు తిరుగుతుందని తెలుసు గనుక అక్కడితో ఆపేశాను.

ఈ కాషాయ చిలప ఇప్పటిదాకా వచ్చిన వాటన్నిటిలో అందమైనది. అది నా అంచనా, దాన్ని పరీక్ష ఇంకా ఒప్పుకోలేదు.

మార్చి 25

హోళీ. పక్కింటి పిల్లలు మిగిలిన మోదుగ నీళ్లు అడిగితే ఇచ్చాను. ఆ నీళ్లలో పటిక లేదని చూసుకొనే ఇచ్చాను.

మే 5

రేల పూలు. బాట పక్కన చెట్టు మొత్తం పసుపు గుత్తులతో వేలాడుతుంటే ఆగలేక కిలో రాలిన పూలు ఏరుకొచ్చి, అర చిలప, అంటే 50 గ్రాములు అద్దాను. గంధం రంగుకంటే తక్కువ, పాతబడిన కాగితం రంగు. ఇంతకు మించి రాయడానికి ఏమీ లేదు.

వెలుతురు పరీక్ష మొదలుపెట్టాను. దక్షిణం కిటికీలో ఒక అట్ట మీద ప్రతి రంగు నూలు ముక్కను చుట్టి, సగాన్ని నల్ల కాగితంతో కప్పి ఉంచాను. పరిశ్రమల్లో ఇందుకోసం ఒకటి నుంచి ఎనిమిది దాకా నిలకడ పెరిగే నీలి ఉన్ని పట్టీలను పక్కన పెట్టి పోలుస్తారు. నా దగ్గర అవి లేవు గనుక రంగు వేయని తెల్ల నూలు ముక్కనే పక్కన పెట్టుకున్నాను.

జూన్ 2

నాలుగు వారాల తరువాత నల్ల కాగితం తీశాను. మోదుగ పసుపు కాగితం కింద ఉన్న సగంలో బంగినపల్లి తొక్కలా అలాగే ఉంది; వెలుతురు తగిలిన సగం పాత చొక్కా కాలరులా వెలిసింది. కాషాయ చిలప వెలవడంతో పాటు గోధుమకు తిరిగింది. రేల ముక్కలో వెలవడానికి రంగే లేదు. బూడిద నూలు మీది మోదుగ మాత్రం, అడుగున గొర్రె రంగు ఉండడం వల్ల, తేడా అంతగా తెలియకుండా నిలిచింది.

సబ్బు నీళ్లలో ముంచిన చిన్న ముక్క ఇంకో సంగతి చెప్పింది. సబ్బు క్షారం తగలగానే మోదుగ పసుపు నారింజకు జరిగి, నిమ్మరసం చుక్క పడగానే మళ్లీ పసుపుకు వచ్చింది. ఎటు తిప్పితే అటు తిరిగే రంగును గొంగడి అంచుకు పెట్టడం ఎలాగన్నది ఈ రాత్రికి తేలని ప్రశ్న.

తాతను కలిసి పచ్చ సంగతి అడిగాను. నవ్వి, మగ్గం పక్కన గూట్లో ఉన్న పసుపు బొట్టు డబ్బా చూపించాడు. పసుపే కావాలట.

జులై 28

వానలు పడ్డాక గట్ల మీద గడ్డి చామంతి దట్టంగా పెరిగింది. దెబ్బ తగిలితే ఆకు నలిపి రసం పిండే ఆ మొక్కే. పువ్వు చిటికెన గోరంత, రంగు తెలుపులో పసుపు. దీన్ని ఎవరూ పూవుగా లెక్కలోకి తీసుకోరు. నేను కూడా పొలం పని మధ్య ఆటవిడుపుగానే మొదలుపెట్టాను. రెండు ఆదివారాలు, పక్కింటి పిల్లలు ఇద్దరి సాయంతో, పూలతో పాటు మొక్క కొసలను కలిపి 1,800 గ్రాములు తెంపాం.

ఈసారి ఇంటి కప్పు మీది వాన నీళ్లు పట్టి వాడాను. బోరు నీళ్లలోని ఇనుము రంగును మసకబారుస్తోందని మోదుగతోనే అనుమానం వచ్చింది. 300 గ్రాముల నూలు: రెండు తెల్ల చిలపలు, ఒక బూడిద చిలప. కొసలను గంటన్నర ఉడకనిచ్చి వడగట్టగా గోధుమ రంగు కషాయం వచ్చింది, దాన్ని చూసి ఎవరూ ఏమీ ఆశించరు. నూలు వేసి 80 డిగ్రీల దగ్గర గంట ఉంచితే లేత నిమ్మ రంగు మాత్రమే కనిపించింది. వాన నీళ్లలో సున్నం బొత్తిగా లేకపోవడమే లోపమేమో అనిపించి, సున్నపు తేట నాలుగు చెంచాలు, పీహెచ్ ఏడున్నర దాటకుండా కలిపి మరో అరగంట ఉంచాను.

నిమ్మ రంగు అరగంటలో పసుపు కొమ్ము రంగుకు ముదిరింది. గడ్డి చామంతిలో లుటియోలిన్ అనే పసుపు పదార్థం ఉంది. ఈ జాతి పసుపులకు నీటిలో కొంత సున్నం ఉంటే రంగు గట్టిగా పట్టుతుంది. అంటే బోరు నీళ్లలో ఉన్న మంచినీ చెడునూ నేను కలిపే పారబోశాను, మంచిని మాత్రం చెంచాలతో తిరిగి పోసుకున్నాను. బూడిద చిలప ముదురు పెసర రంగుకు వచ్చింది.

ఆగస్టు 4

ఒక చిలప పాడు చేశాను. గడ్డి చామంతి రంగు దిగిన రెండో తెల్ల చిలపను, చల్లారేదాకా ఆగకుండా, వేడి గిన్నెలోంచి తీసి నేరుగా పంపు కింద పెట్టి, మిగిలిన ఆకు ముక్కలు పోవాలని చేత్తో రుద్దాను. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడికి విచ్చుకొని ఉన్నప్పుడు చల్లటి నీళ్లు, రాపిడి రెండూ ఒక్కసారి తగిలితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని మళ్లీ విడివడవు. చిలప చుట్టుకొలత 140 సెంటీమీటర్ల నుంచి 112కు కుదించుకుపోయింది, పోగులు ఒకదానితో ఒకటి అట్టకట్టాయి. ఇక దీన్ని మగ్గం ఎక్కించడం కుదరదు. అన్నిటికంటే మంచి రంగు వచ్చిన చిలప అదే కావడం, తప్పు మొత్తం నాదే కావడం రెండూ ఇక్కడ రాసి పెట్టవలసినవి.

ఇకమీదట గిన్నెలో నీళ్లు గది వేడికి వచ్చేదాకా చిలపలను బయటికి తీయను. కడిగే నీళ్ల వేడి కూడా చిలప వేడితో సమానంగా ఉండాలి, పిండడానికి బదులు తువాలులో చుట్టి నొక్కాలి.

సెప్టెంబరు 8

గడ్డి చామంతి ముక్కలు నాలుగు వారాలు కిటికీలో ఉన్నాయి. కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా కనుక్కోవడానికి వాకిట్లోకి తీసుకెళ్లి పగటి వెలుతురులో చూడవలసి వచ్చింది. సబ్బుకు కొంచెం ముదిరింది తప్ప రంగు తిరగలేదు. నల్ల ఉన్ని ముక్కకు తడిపి రుద్దితే నలుపు మీద పసుపు జాడ పడలేదు.

ఏ పువ్వును చూసి ఈ పని మొదలుపెట్టానో అది కిటికీకి ఓడింది, కాళ్ల కింద తొక్కుకుంటూ పోయిన మొక్క గెలిచింది.

అక్టోబరు 13

నిన్న దసరా. మూడు రోజుల కింద సద్దుల బతుకమ్మ అయిపోయింది. తంగేడు కోసం ఇప్పటిదాకా ఆగడానికి కారణం ఉంది: బతుకమ్మ తొమ్మిది రోజులూ ఊరి చుట్టుపక్కల తంగేడు పూలు ఆడపిల్లల చేతికే చెందాలి. చెరువులో వేసిన బతుకమ్మ పూలను నేను తిరిగి తీయను. పండుగ దాటాక పొదల మీద మిగిలిన పూలు, ఆలస్యంగా విచ్చిన మొగ్గలు కలిపి పదిహేను వందల గ్రాములు కోశాను. మన రాష్ట్ర పువ్వుతో నూలుకు రంగు వేయడం పనిలో ఒక చిన్న ముచ్చట కూడా.

తంగేడు బెరడులో వగరు పదార్థం బాగా ఉంటుంది, తోలు పదును పెట్టడానికి పాత కాలం నుంచి దాన్నే వాడారు. పూలలో ఆ వగరు తక్కువే అయినా లేకపోలేదు, అందుకే ఆకుపచ్చ తొడిమలను గిల్లి, రేకులనే తీసుకున్నాను. రెండు తెల్ల చిలపలు, ఒక బూడిద చిలప. వాన నీళ్లు, కొంచెం సున్నపు తేట, 80 డిగ్రీలు, గంట. గంధంలో పసుపు కలిపినట్టు మెత్తటి రంగు వచ్చింది. గడ్డి చామంతి పసుపు ముందుకు దూకుతుంది, ఇది వెనక్కి తగ్గి కూర్చుంటుంది.

బూడిద చిలపను తీసి, మిగిలిన రసంలో దాని బరువుకు 2 శాతం అన్నభేది (ఇనుప లవణం) కరిగించి, పది నిమిషాలు మళ్లీ ముంచాను. ఇనుము వగరును కలిసి నలుపు వైపు లాగడం వల్ల అది ముదురు ఆలివ్ రంగుకు దిగింది. అన్నభేది ఎక్కువైతే ఉన్ని పెళుసుగా మారుతుంది కాబట్టి పది నిమిషాలు దాటనివ్వలేదు.

అక్టోబరు 27

పారిజాతం మీద మనసు ఆగలేదు. పది తెల్లవారుజాములు, చెట్టు కింద బట్ట పరిచి, రాలిన పూలు ఏరి, తెల్ల రేకులు వదిలేసి నారింజ కాడలు మాత్రమే గిల్లి ఆరబెడితే, ఎండాక తూకం 9 గ్రాములు. కుంకుమపువ్వులో ఉండే జాతికి చెందిన రంగు పదార్థమే ఈ కాడల్లో కూడా ఉంది. 25 గ్రాముల నూలుకు వాడితే ముదురు బంగారు రంగు, ఈ ఏడాది చూసిన వాటిలో అంత నిండుగా వచ్చింది మరొకటి లేదు.

కిటికీలో పది రోజులు కూడా నిలవదని ముందే ఊహించాను గనుక ఈసారి అట్ట మీద చుట్టేటప్పుడే ఒక ముక్క దాచుకున్నాను, డబ్బాలో, చీకట్లో.

నవంబరు 10

పారిజాతం ముక్క అనుకున్నట్టే గంధం రంగుకు వెలిసింది. తంగేడు ముక్క నాలుగు వారాలకు కొద్దిగా లేతబడింది, అంతే. ఆలివ్ రంగు కదలలేదు.

ఇక తాత గంజి పరీక్ష మిగిలింది. గొంగడి అంచు చారలు పడుగులోనే, అంటే నిలువు పోగుల్లోనే పడతాయి. పడుగు మొత్తానికీ చింతగింజల గంజి పట్టించి కుంచెతో దువ్వకపోతే మొరటు ఉన్ని పోగులు మగ్గం మీద తెగిపోతాయి. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించిన ఆ గంజిని ఆయన ఒక రాత్రి నిలవబెట్టి వాడతాడు. నేను తెచ్చుకున్న గంజి పీహెచ్ కాగితం మీద ఐదు చూపించింది, నిలవ ఉండడం వల్ల పులుపెక్కింది.

ఒక్కో రంగు నూలును రెండు మూరలు కత్తిరించి గంజిలో ముంచి, చేత్తో దువ్వి, ఎండలో చాచి ఆరబెట్టాను. కాషాయ మోదుగ ముక్క ఐదు నిమిషాల్లో మళ్లీ పసుపుగా మారిపోయింది. మార్చిలో సున్నం ఇచ్చినదాన్ని గంజి పులుపు తిరిగి తీసేసుకుంది. పసుపు మోదుగ ముక్క తెల్లటి గంజిలోకి కొంత రంగు వదిలింది. గడ్డి చామంతి, తంగేడు ముక్కలు గంజి ఆరాక ఒక పొరమేర మసకగా కనిపించాయి, తడి గుడ్డతో తుడిస్తే కింద పాత రంగే ఉంది. ఆలివ్ చిలప మాత్రం చెయ్యి పెట్టినప్పుడు మిగతా వాటికంటే గట్టిగా, గడ్డిపోచలా అనిపించింది. కుంచె దువ్వుతున్నప్పుడు రెండు చోట్ల తెగింది. అన్నభేది 2 శాతానికి బదులు 1 శాతం సరిపోయేది.

నవంబరు 17

తాత దగ్గరికి తీసుకెళ్లినవి నాలుగు చిలపలు: గడ్డి చామంతి పసుపు ఒకటి, గడ్డి చామంతి పెసర రంగు బూడిద చిలప ఒకటి, తంగేడు లేత పసుపువి రెండు. ఆయన చెప్పిన 400 గ్రాముల లెక్క సరిపోయింది. మోదుగ చిలపలు, రేల అర చిలప, తెగిన ఆలివ్ చిలప, ఆగస్టులో అట్టకట్టినదీ ఇంట్లోనే ఉన్నాయి.

చిలపలను ఒక్కొక్కటిగా వెలుతురుకు ఎత్తి, మొరటు వెంట్రుకలు రంగు పట్టక మెరుస్తున్న చోట వేలితో తడిమి చూశాడు. "ఇవి మెరుస్తున్నయి గదా, అంచు గీటు గీసినట్టు ఉండదు, చెలకల జొన్న కంకుల లెక్క ఉంటది" అన్నాడు. తరువాత గడ్డి చామంతి చిలపను ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, ఏ పువ్వని అడిగాడు. చెబితే నమ్మలేదు. గుడిసె పక్కనే ఉన్న మొక్కను తెంపి చూపిస్తే కొంచెంసేపు దాన్నే చూశాడు.

అంచు లెక్క ఇలా కుదిరింది: బయటి వైపు నల్ల నూలు ఎనిమిది పోగులు, తరువాత తంగేడు లేత పసుపు పన్నెండు పోగులు, మధ్యలో గడ్డి చామంతి పసుపు ఆరు, దాన్ని ఆనుకొని పెసర రంగు నాలుగు, మళ్లీ తంగేడు పన్నెండు, అక్కడి నుంచి మొత్తం నలుపు. రెండో అంచు దీనికి అద్దంలో చూసినట్టు. పసుపును నేరుగా నలుపు పక్కన పెడితే కళ్లకు గుచ్చుకుంటుందని, తంగేడు మధ్యలో ఉండాలని చెప్పింది తాతే. వచ్చే గురువారం పడుగు సాగదీసి గంజి పట్టిస్తారు. గింజలు వేయించడానికి నన్ను బుధవారం సాయంత్రమే రమ్మన్నాడు.